వెనక్కి తిప్పితే మారే వాక్యం

చిన్నా,

నువ్వు చెయ్యబోయే విజువల్ నావెల్‌కు, అంటే బొమ్మల మీద వచ్చే వాక్యాలను నొక్కుతూ చదివే ఆటకు, పంపిన కథాసారం చదివాను. తొమ్మిది ఎండింగులు, పదకొండు పాత్రలు, పాడుబడ్డ ఆసుపత్రి, దాని కింద నేలమాళిగ. పైగా ఇదంతా అరగంట ఆట అంటున్నావు! ముప్పావు వంతు కొట్టెయ్. ఒక ఇల్లు, అక్కాతమ్ముళ్లిద్దరు, ఒక రాత్రి. అంతే ఉంచుకో. చిన్న హారర్‌కున్న బలమల్లా ఏకబిగిన చదివించడమే. ఆడేవాడు మధ్యలో లేచి నలుగురితో కబుర్లాడి వచ్చాడంటే, నువ్వు కూడగట్టిన బిగువంతా సడలిపోతుంది. ఒకసారి ఆడితే ఐదారు వేల మాటలకు మించి తెరమీద రాకుండా చూసుకో.

ఇంజిన్, అంటే ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్, దగ్గర తర్జనభర్జన వద్దు. రెన్‌పై తీసుకో. 2004 నుంచి ఉంది, ఉచితం, ఆట అమ్ముకున్నా ఎవరికీ వాటా ఇవ్వక్కర్లేదు. తెలుగులో రాస్తున్నావు కాబట్టి ఒక జాగ్రత్త: దానితోపాటు వచ్చే ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. కొత్త వెర్షనే దించుకో, తెలుగు ఫాంటు పెట్టు. వత్తులు, గుణింతాలు దండిగా ఉన్న నాలుగు వాక్యాలు తెరమీద సరిగ్గా పడ్డాకే స్క్రిప్టు మొదలుపెట్టు.

ఇక అసలు సంగతి. నువ్వు భయాన్నంతా బొమ్మల మీద పెట్టావు. రక్తం, కళ్లు లేని మొహం, గోడమీద రాతలు. సినిమాకైతే సరిపోతుందేమో. ఇక్కడ ఆడేవాడి చేతిలో మౌస్ ఉంది. వాడు నొక్కితేనే తర్వాతి వాక్యం వస్తుంది, వాడు నొక్కితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. సేవ్ చేసుకున్నాను కదా, తేడా వస్తే వెనక్కి వెళ్లొచ్చులే అన్న ధీమా కూడా వాడికి ఉంటుంది. నువ్వు చెయ్యి వెయ్యాల్సింది ఆ ధీమా మీద.

ఎలాగో చెబుతాను. రెన్‌పైలో మౌస్ చక్రం తిప్పితే పాత వాక్యాలకు వెళ్లొచ్చు. ఆడేవాళ్లు దీన్ని అలవాటుగా వాడతారు, సరిగ్గా చదివానా లేదా అని చూసుకోవడానికి. వెనక్కి తిప్పినప్పుడు మామూలు వేరియబుల్స్ (ఆట గుర్తుపెట్టుకునే విలువలు) కూడా పాత విలువలకు వెళ్లిపోతాయి. పర్సిస్టెంట్ అని ఇంకో రకం ఉంది. అది వెనక్కి పోదు, ఆట మూసి మళ్లీ తెరిచినా అలాగే ఉంటుంది. ఇప్పుడు నీ కథలో "అక్క పక్క గదిలో ఉంది" అనే వాక్యం తీసుకో. చివరి మాటను పర్సిస్టెంట్ వేరియబుల్‌లో పెట్టి, చదరపు బ్రాకెట్లతో వాక్యంలోకి తెప్పించు. రెండు వాక్యాల తర్వాత చడీచప్పుడు లేకుండా దాని విలువ మార్చెయ్. వాడికి ఏదో అనుమానమొచ్చి చక్రం వెనక్కి తిప్పుతాడు. అక్కడ "అక్క పక్క గదిలో ఉండేది" అని ఉంటుంది. కేక లేదు, సంగీతం లేదు. తిప్పని వాడికి అసలు తెలియనే తెలియదు, తెలియకపోయినా ఫరవాలేదు.

ఇది ఆట మొత్తంలో ఒక్కసారే. రెండోసారి చేస్తే వాడు భయం మానేసి నీ కిటుకులు లెక్కపెట్టడం మొదలుపెడతాడు. అదీ మొదటి పది నిమిషాల్లో వద్దు. ఆట మీద నమ్మకం కుదిరాకే దాన్ని వమ్ము చెయ్యాలి. 2017లో వచ్చిన డోకీ డోకీ లిటరేచర్ క్లబ్ అనే ఆట చూడు, అదీ రెన్‌పైలో చేసిందే. చాలాసేపు మామూలు స్కూలు ప్రేమకథలా నడిచి, ఆ తర్వాతే తేడా కొడుతుంది. ఆట ఫోల్డరులోని పాత్రల ఫైళ్లను అది మాయం చేసే కిటుకును మాత్రం నువ్వు ఎత్తుకోకు. అది జనానికి బాగా తెలిసిపోయింది. నీ ఆటలో ఫైలు మాయమవగానే "ఓహో, ఇదా" అంటారు.

బొమ్మలు గీయడం రాదని బెంగపడ్డావు. 1994లో జపాన్‌లో చున్‌సాఫ్ట్ వాళ్లు కమాయిటాచి నో యోరు అనే ఆటలో మనుషులందరినీ నీలిరంగు నీడల్లా చూపించారు. మొహం లేకపోతే ఆడేవాడే ఓ మొహం ఊహించుకుంటాడు, అది నువ్వు గీయగలిగిన దానికంటే ఘోరంగా ఉంటుంది. ఖర్చూ కలిసొస్తుంది.

శబ్దం మీద ఇంకాస్త శ్రద్ధ పెట్టు. మొదటినుంచీ సన్నగా ఫ్యాను చప్పుడు పెట్టు, చెవి దానికి అలవాటు పడిపోతుంది. అసలు వాక్యానికి ఒక క్లిక్ ముందు దాన్ని ఆపెయ్. జంప్‌స్కేర్ అంటావా, అదే, ఉన్నట్టుండి ఏదో మీదికొచ్చి ఉలిక్కిపడేలా చెయ్యడం, నాకు సరిపడదు. ఉలిక్కిపడ్డవాడు మరుక్షణం నవ్వేస్తాడు, నవ్వగానే నీ పట్టు పోతుంది.

తమ్ముడికి మతి చలించిందని చివర్లో తేల్చావే, అది తీసెయ్. జబ్బు పేరు చెప్పి చేతులు దులుపుకోవడం అది. పైగా ఆ జబ్బుతో నిజంగా బతుకుతున్నవాళ్లూ ఆడతారు. ఆత్మహత్య ప్రస్తావన ఉంచేట్టయితే మొదటి తెరమీదే హెచ్చరిక పెట్టు. భయం తగ్గిపోతుందని అనుకోకు. గ్లిచ్ (ఆట పాడైనట్టు కనిపించే మాయ) కోసం తెర మిణుకుమిణుకులాడించేటప్పుడు సెకనుకు మూడుసార్లు దాటనివ్వకు, మూర్ఛ ఉన్నవాళ్లకు ప్రమాదం.

బొమ్మలు పెట్టకముందే ఎవరినైనా కూర్చోబెట్టి ఆడించు. నువ్వు వెనక కూర్చో, నోరు విప్పకు. తెరను కాదు, వాళ్ల వేలిని చూడు. టకటకా నొక్కుకుంటూ పోయిన చోటల్లా నీ రాత సాగతీతగా ఉన్నట్టు. నొక్కబోయి ఆగిన చోటు ముట్టుకోకు.

మార్చిలో నానోరెనో జామ్ అని గడువు పెట్టి ఆటలు చేయించే కార్యక్రమం ఉంటుంది, నెల రోజుల్లో ఒక విజువల్ నావెల్ పూర్తి చెయ్యాలి. దానికి పెట్టుకో, ఉచితంగానే విడుదల చెయ్. ఈలోగా అక్కాతమ్ముళ్ల మొదటి సన్నివేశం రాసి పంపు, ఉత్త స్క్రిప్టు చాలు. నేలమాళిగ మళ్లీ కనబడితే చదవకుండా తిప్పి పంపిస్తాను.

ఇట్లు,
మీ పిన్ని