గరాజ్‌లో పాత షెవర్లే, ఇంట్లో పదకొండో గ్రేడు కుర్రాడు

ప్రశ్న: మేం టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి పదకొండో గ్రేడు. 1969 షెవర్లే సీ10 పికప్ ట్రక్కు కొని, మా గరాజ్‌లోనే దాని ఎత్తు తగ్గించి, నేలకు దగ్గరగా కిందికి దించి కొత్తగా తయారుచేస్తానంటున్నాడు. తాతయ్య ఇచ్చిన డబ్బులు, పండగల డబ్బులు అన్నీ దాచిపెట్టుకున్నాడు. చదువు పాడవుతుందని వాళ్లమ్మ భయం. కాలేజీ అడ్మిషన్లో దీనికి విలువ ఉంటుందా? దీన్నే వృత్తిగా తీసుకుంటానంటే ఏ దారి? మాది హెచ్1బీ ఉద్యోగ వీసా, వాడిది దాని మీద పిల్లలకిచ్చే హెచ్4. – ఒక తండ్రి

జవాబు: ఏ ట్రక్కో చెప్పారు కాబట్టి నా పని తేలికైంది. మీవాడు ఎంచుకున్నది తెలివైన బండి. 1967 నుంచి 1972 దాకా వచ్చిన సీ10లకు ముందు చక్రాలు దేనికదే కదిలే కాయిల్ స్ప్రింగుల సస్పెన్షన్ ఉంటుంది. వెనక కూడా చాలావాటికి కాయిల్ స్ప్రింగులు, వాటిని పట్టుకునే రెండు పొడవాటి ట్రెయిలింగ్ ఆర్మ్‌లు ఉంటాయి. దించడానికి ఇంతకంటే అనువైన పాత ట్రక్కు దొరకడం కష్టం. అదే రూపంలో అదే కంపెనీ ఇంకో పేరుతో అమ్మిన జీఎంసీ అయితే వెనక కమాను పట్టీలు ఉండే అవకాశం ఎక్కువ, పని పద్ధతే మారిపోతుంది. కొనేముందు వంగి కింద చూడమనండి.

విలువ ఉంటుందా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: బండి అద్దంలా మెరిస్తే వచ్చే విలువ కొంచెమే. ఆ బండిలో ఏ పని దగ్గర మీవాడు అన్నం సంగతి మరిచిపోయి కూర్చుంటాడో, అది మీకు తెలిసిరావడమే అసలు లాభం. కొలతలా, వైర్లా, రేకు పనా, బొమ్మ గీయడమా? ఒక్కోదానికి ఒక్కో చదువుంది. అది తెలియాలంటే పని వరసగా జరగాలి. అందుకే ముందు పని గురించి, తర్వాత కాలేజీల గురించి.

కొనడం దగ్గరే సగంమంది దెబ్బతింటారు. టైటిల్, అంటే బండి ఎవరిదో చెప్పే కాగితం, లేని బండిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. డ్రైవర్ తలుపు స్తంభం మీదున్న ప్లేటులోని నంబరూ, టైటిల్ మీది నంబరూ అక్షరం అక్షరం కలవాలి. తుప్పు చూడాల్సిన చోట్లు: క్యాబ్ వెనక కింది మూలలు, తలుపుల కింది రాకర్ ప్యానెళ్లు, ముందద్దం కింది గట్టు. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి అక్కడ ఆనించి చూడండి. అతుక్కోకపోతే లోపల ఉన్నది రేకు కాదు, పుట్టీ. చిన్న బెడ్ (వెనక సామాన్ల తొట్టి) బండికి ముందు, వెనక చక్రాల మధ్య దూరం 115 అంగుళాలు, పెద్ద బెడ్‌కు 127. దించిన బండికి చిన్న బెడ్డే అందం కాబట్టి దాని ధర ఎక్కువ. పెద్దది కొని ఛాసిస్ (బండి అడుగు చట్రం) కోసి పొట్టిచేసే వీడియోలు చాలా ఉన్నాయి. మొదటి బండి మీద ఆ ప్రయోగం వద్దని గట్టిగా చెప్పండి. ట్రక్కుకు పెట్టినంత డబ్బూ మళ్లీ సామాన్లకు చేతిలో ఉంటేనే కొననివ్వండి.

పని వరస గురించి నేను పట్టుదలగా ఉంటాను: ముందు నడవాలి, ఆగాలి, తర్వాతే దిగాలి. చాలామంది పిల్లలు తొలి నెలలోనే బండి మొత్తం విప్పేస్తారు. బోల్టులు డబ్బాల్లోకి, డబ్బాలు అటకమీదికి పోతాయి. రెండేళ్ల తర్వాత ఆ బండిని ‘అసంపూర్తి ప్రాజెక్టు’ అని అమ్మకానికి పెడతారు. ఒక భాగం విప్పితే, అది మళ్లీ బిగిశాకే ఇంకోటి విప్పాలి.

మొదట బ్రేకులు. 1969 బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ముందు డిస్కులు ఈ ట్రక్కులకు కంపెనీ నుంచి 1971లో వచ్చాయి. ఇక్కడే ఒక మెలిక ఉంది, దీన్ని మీవాడి నోట విడిగా అడిగి తెలుసుకోండి. ముందు భాగాన్ని దించడానికి మామూలుగా వాడేది డ్రాప్ స్పిండిల్. చక్రం బిగిసే ఇరుసు స్థానం పైకి జరపడంతో బండి 2.5 అంగుళాలు దిగుతుంది, స్ప్రింగ్ ప్రయాణం మాత్రం తగ్గదు. ఈ స్పిండిల్ కిట్లు ఎక్కువగా తర్వాతి కాలపు డిస్క్ బ్రేకులకు సరిపోయేవి. అవి బిగించాక ముందు చక్రాలకు ఐదు బోల్టులు, వెనక పాత యాక్సిల్‌కు ఆరు బోల్టులు మిగులుతాయి. స్టెప్నీ ఒకవైపే పనికొస్తుంది, వీల్స్ సెట్టు కొనలేరు. ఆరు బోల్టుల రోటర్లు (డిస్కు పళ్లేలు) తీసుకోవడమో, వెనక యాక్సిల్‌ను కూడా ఐదుకు మార్చడమో ముందే తేల్చుకుని ఆర్డర్ పెట్టాలి. స్పిండిల్‌ను ఆర్మ్‌లకు కలిపే బాల్ జాయింట్ల సైజు కూడా కిట్‌తో పోల్చి చూసుకోవాలి. డ్రమ్ముల కోసం చేసిన పాత మాస్టర్ సిలిండర్‌ను (పెడల్ నొక్కితే బ్రేకు నూనెను తోసేది) అలాగే ఉంచితే అందులోని వాల్వు లైనులో కొద్దిపాటి ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. దాంతో డిస్కు ప్యాడ్లు రోటర్‌ను ఒరుసుకుంటూ వేడెక్కుతాయి. సిలిండరూ, ముందూ వెనకా బ్రేకులకు ఒత్తిడి పంచే కాంబినేషన్ వాల్వూ కలిపి మార్చాలి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలితో ఊదకూడదు, తడిపి తుడవాలి.

ముందు స్ప్రింగ్ తీసేటప్పుడు ఒక పెద్ద మనిషి పక్కన ఉండి తీరాలి. నొక్కుకుని ఉన్న ఆ కాయిల్ జారితే ఎముకలు విరుగుతాయి. కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి, స్ప్రింగ్‌ను గొలుసుతో ఛాసిస్‌కు కట్టి, జాకీని నెమ్మదిగా దించాలి. బండి బరువు మోసేవి జాక్ స్టాండ్లే. సిమెంటు ఇటుకలు కావు, అవి హెచ్చరిక లేకుండా పగులుతాయి. ఇంకా దించాలని స్ప్రింగ్‌ను టార్చితో వేడిచేసి కూలదీసే పద్ధతి ఒకటుంది. ఉక్కుకున్న పదును పోయి, ఎడమవైపు ఒక ఎత్తు, కుడివైపు ఒక ఎత్తు అవుతుంది. ఒక అంగుళం తక్కువ స్ప్రింగులు దొరుకుతాయి, అవి కొనండి.

వెనక భాగమే బండి అసలు పరీక్ష. పొట్టి స్ప్రింగులు వేస్తే దిగిపోతుంది నిజమే. కానీ నాలుగంగుళాలు దాటిందంటే యాక్సిల్ గొట్టం గుంతల్లో పైనున్న ఛాసిస్‌కు తగులుతుంది. అందుకే యాక్సిల్ పైన ఛాసిస్‌ను అర్ధచంద్రాకారంలో కోసి, చుట్టూ మందపాటి ఉక్కు తొడుగు బిగిస్తారు. దీన్నే సీ-నాచ్ అంటారు. బెడ్ విప్పి పక్కనపెట్టాలి, ఛాసిస్‌కు ముందూ వెనకా ఆధారాలు పెట్టాలి, ఒకవైపు కోసి తొడుగు పూర్తిగా బిగించాకే రెండోవైపు ముట్టుకోవాలి. ఇంట్లో వాడే 120 వోల్టుల చిన్న వెల్డింగ్ మిషన్‌తో ఛాసిస్‌కు అతుకు వేయనివ్వకండి. పైన పూస ముచ్చటగా కనిపిస్తుంది, లోపల లోహం కలవదు. బోల్టులతో బిగించే తొడుగులు దొరుకుతాయి, వాటికి ఎక్కువ బలమున్న గ్రేడ్ 8 బోల్టులు వాడాలి.

దించాక వెనక నుంచి చూస్తే ఒక టైరు ఫెండర్‌లో దాక్కుని, ఇంకోటి బయటికి వచ్చినట్టు ఉంటుంది. ఛాసిస్ వంగిందని కంగారుపడతారు. అది పాన్‌హార్డ్ బార్ చేసే పని. యాక్సిల్‌ను పక్కకు జరగకుండా పట్టే ఆ కడ్డీకి ఒక కొస ఛాసిస్ మీద, ఇంకో కొస యాక్సిల్ మీద ఉంటుంది. బండి దిగితే కడ్డీ కోణం మారి యాక్సిల్‌ను ఒకవైపు నెడుతుంది. పొడవు సరిచేసుకునే బార్ వేస్తే సర్దుకుంటుంది. అలాగే పాత షాక్ అబ్సార్బర్లు ఎప్పుడూ ముడుచుకునే ఉంటాయి కాబట్టి పొట్టివి వేయాలి, లేదా పట్టుకునే చోటు మార్చాలి. పినియన్ కోణం, అంటే ఇంజన్ తిప్పే షాఫ్టు వెనక యాక్సిల్‌లో కలిసే చోటి వాలు, కూడా మారుతుంది. గేర్‌బాక్సు వెనక షాఫ్టూ, వెనక యాక్సిల్ పినియనూ ఒకదానికొకటి సమాంతరంగా, ఒక డిగ్రీ తేడాలోపు ఉండాలి. లేకపోతే హైవే మీద సీటు కింద వణుకు మొదలవుతుంది. టైర్లు మార్చి, బ్యాలెన్స్ చేయించి, డబ్బు తగలేసినా అది పోదు. చివరికి వీల్ అలైన్‌మెంట్, అది తప్పనిసరి. 

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాడకం బండ్లకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీ తీసేశారు. అంటే ఈ బండి బ్రేకు గొట్టాలను చూసే మనిషి మీవాడు తప్ప ఎవరూ లేరు. ఇంజన్ మార్పు, కొత్త రంగు మొదటి ఏడాది జాబితాలోంచి కొట్టేయండి. సీటు వెనక, క్యాబ్ లోపలే ఉన్న పెట్రోలు ట్యాంకును బెడ్ కిందికి మార్చడం మాత్రం రంగు కంటే ముందే జరగాలి.

ఇక నోటుపుస్తకం. కిందికి దించకముందు ఒక రోజు, ప్రతి చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాయాలి. ‘ముందు ఎడమ 20 1/4, కుడి 20, ట్యాంకు సగం, డ్రైవర్ లేడు’ ఇలాగ. స్పిండిల్ మార్చాక మళ్లీ, స్ప్రింగ్ మార్చాక మళ్లీ. ఎంత దిగాలని లెక్కేశాడు, ఎంత దిగింది, తేడా ఎందుకొచ్చింది? ఈ మూడో వరస మీవాడు తనంతట తాను నింపుతున్నాడంటే, మెకానికల్ ఇంజనీరింగ్ కుర్రాడు దొరికినట్టే. చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో ఒక్కో వ్యాపకం గురించి రాసుకోవడానికి 150 అక్షరాలే ఇస్తారు. ‘పాత కార్లంటే ఇష్టం’ అని రాసి ఆ చోటు వృథా చేసుకోకుండా, ఈ కొలతలు రాయొచ్చు.

ఆ దారిలో మీకు దగ్గర్లోనే ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ ఉంది. విద్యార్థులు చిన్న రేసు కారు తయారుచేసి పోటీపడే ఫార్ములా ఎస్ఏఈలో వాళ్ల జట్టుకు మంచి పేరు. మిషిగన్ ఫ్లింట్‌లోని కెటరింగ్ యూనివర్సిటీ ఒకప్పటి జనరల్ మోటార్స్ ఇన్‌స్టిట్యూట్. అక్కడ చదువూ, కంపెనీలో పనీ వంతులవారీగా సాగుతాయి. రేకు వంచడం, పాత భాగాన్ని తిరిగి బతికించడం దగ్గర మీవాడు ఆగిపోతే, కాన్సస్‌లోని మెక్‌ఫర్సన్ కాలేజీలో పాత కార్ల పునరుద్ధరణకు నాలుగేళ్ల డిగ్రీయే ఉంది. బండి ఎలా నిలబడాలో పుస్తకం నిండా గీస్తుంటే పాసడీనాలోని ఆర్ట్‌సెంటర్, డెట్రాయిట్‌లోని కాలేజ్ ఫర్ క్రియేటివ్ స్టడీస్ అనే డిజైన్ కాలేజీలు చూడండి. వాటికి మార్కుల కంటే బొమ్మల పోర్ట్‌ఫోలియో ముఖ్యం. వైర్లయితే ఎలక్ట్రికల్, లేదా యంత్రాలూ ఎలక్ట్రానిక్సూ కలిసిన మెకట్రానిక్స్.

‘మెకానిక్ అయిపోతాడా’ అన్న మాట మీరు రాయలేదు కానీ, ప్రశ్న వెనక అది వినిపిస్తోంది. లోహాన్ని కోసి, వంచి, అతికి భాగాలు చేసే మంచి ఫ్యాబ్రికేటర్‌కు ఇక్కడ గౌరవమూ ఉంది, సంపాదనా ఉంది. మీ విషయంలో అడ్డు అది కాదు, వీసా.

హెచ్4 మీదున్న పిల్లలకు పని చేసే అనుమతి లేదు. షాపులో జీతం తీసుకోకుండా చేస్తానన్నా, మామూలుగా జీతమిచ్చి చేయించే పనైతే చిక్కే. మెకానిక్‌లకు ఇచ్చే ఏఎస్ఈ టెక్నీషియన్ సర్టిఫికెట్‌కు పని అనుభవం కావాలి కాబట్టి అది ఇప్పట్లో కుదరదు. అనుభవం అడగని ఎంట్రీ లెవల్ పరీక్ష హైస్కూల్ ఆటోమోటివ్ క్లాసు ద్వారా రాయొచ్చేమో స్కూల్లో అడగండి. 21 ఏళ్లు నిండితే హెచ్4 ఉండదు. అప్పుడు విద్యార్థి వీసా కావాలి: యూనివర్సిటీ డిగ్రీకి ఎఫ్1, వృత్తి విద్యా స్కూలుకు సాధారణంగా ఎం1. ఈ రెండిటికీ తేడా చాలా ఉంది. ఎఫ్1లో చదువు తర్వాత ఏడాది పని చేయొచ్చు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు. ఎం1లో నాలుగు నెలల చదువుకు ఒక నెల లెక్కన, ఎంతైనా ఆరు నెలలే. పైగా ఎం1 నుంచి ఇక్కడే ఉండి ఎఫ్1కు మారడానికి వీల్లేదు. అందుకని మీ కుటుంబానికి నా సలహా: డిగ్రీ ముందు, చేతిపని సర్టిఫికెట్లు దాని పక్కన. పునరుద్ధరణ డిగ్రీ మీద మనసు పడితే, ఆ కోర్సు కోడు స్టెమ్ జాబితాలో ఉందో లేదో కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. లాయర్‌ను కలిసేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్లండి.

(ఇదే ప్రశ్న విజయవాడ నుంచి వచ్చుంటే జవాబు వేరుగా ఉండేది. అక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం కుదరదు.)

వాళ్లమ్మగారి భయానికి: శని, ఆదివారాల్లో ఒక్క రోజు, చీకటి పడితే గరాజ్ తలుపు మూత. కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీకి ముందు మెట్టు పీఎస్ఏటీ. పదకొండో గ్రేడు అక్టోబరులో రాసే పీఎస్ఏటీయే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్పుకు లెక్క. ఆ నెలా, ఎస్ఏటీకి ముందు మూడు వారాలూ కొత్తగా ఏ భాగమూ విప్పకూడదన్న షరతు పెట్టండి. పని ఆపమనడం కంటే ఇది పిల్లలు వింటారు. కొనేముందు ఒకసారి ముగ్గురూ డాలస్ దగ్గరి వాక్సాహాచీలో జరిగే సీ10ల ప్రదర్శనకు వెళ్లిరండి. బండ్ల కంటే వాటి పక్కన కుర్చీ వేసుకు కూర్చున్న పెద్దవాళ్లతో మీవాణ్ని మాట్లాడనివ్వండి. వెనక సీ-నాచ్ ఎలా చేశారని అడిగితే చాలు, నేలమీద పడుకుని మరీ చూపిస్తారు.

ట్రక్కు ఇంటికి తెచ్చేముందు ఇంకొక్కటి. మీ కాలనీ హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు తీసి చదవండి. నడవని బండి డ్రైవ్‌వేలో కనిపించకూడదని చాలాచోట్ల రాసుంటుంది. గరాజ్‌లోకి పట్టాలంటే పొడవుతో పాటు, విప్పిన బెడ్ ఎక్కడ ఆనించి పెడతారో కూడా టేపుతో కొలుచుకోండి.