‘టైటానిక్’ పాటను డైరెక్టర్ మొదట వద్దన్నారట, నిజమేనా? మరి సినిమాలోకి ఎలా వచ్చింది?

నిజమే. 1997లో వచ్చిన ఆ సినిమా చివర పాప్ పాట పెడితే కథ బరువు తగ్గుతుందని జేమ్స్ కామెరాన్ అనుకున్నారు. సంగీత దర్శకుడు జేమ్స్ హార్నర్ మాత్రం ఆయనకు చెప్పకుండానే, విల్ జెన్నింగ్స్‌తో ‘మై హార్ట్ విల్ గో ఆన్’ రాయించారు. గాయని సెలిన్ డియాన్‌కు మొదట అది పాడటం అస్సలు ఇష్టం లేదు. భర్త నచ్చజెప్పాక డెమో, అంటే నమూనా రికార్డింగ్, పాడారు. మనం వింటున్నది ప్రధానంగా ఆ డెమో గొంతే! కామెరాన్ మంచి మూడ్‌లో ఉన్న రోజు చూసి హార్నర్ వినిపించారు, ఆయన ఒప్పుకున్నారు.

పాట అంతగా పట్టేయడానికి అసలు కారణం, నా దృష్టిలో, దాని ట్యూన్ సినిమా అంతటా ముందే వినిపిస్తూ ఉండటం. ఓడ ముందు కొసన హీరోయిన్ రోజ్ చేతులు చాచి నిలబడే సీన్ గుర్తు చేసుకోండి, అక్కడ వెనక వచ్చేది ఇదే రాగం. చివర్లో టైటిల్స్ పడే వేళకి మన చెవికి అది పాత చుట్టం. మొదట్లో వినిపించే ఆ సన్నటి పిల్లనగ్రోవి టిన్ విజిల్, ఐర్లాండ్ జానపదుల వాద్యం. చివరి చరణంలో శ్రుతి ఒక్కసారిగా నాలుగు స్వరస్థానాలు పైకి లేస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ క్షణం వినండి, ఒళ్ళు జలదరిస్తుంది.

సాహిత్యంలో ఓడ లేదు, మంచుకొండ లేదు, పాత్రల పేర్లు లేవు. ఎన్నో ఏళ్ళ తర్వాత వెనక్కి చూసుకునే ఒక పెద్దావిడ మనసు మాత్రమే ఉంది. అందుకే సినిమా చూడనివాళ్ళకూ అది సొంత పాటలా అనిపిస్తుంది. 1998లో ఆస్కార్ కూడా వచ్చింది.