గిన్నెలు అదురుతున్నాయి, కుర్చీలో బాస్ లేదు

ప్రశ్న: పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న గదిలో భజనలు, జానపదాలు రికార్డు చేసుకుంటున్నాను. స్కార్లెట్ టూ ఐ టూ ఇంటర్‌ఫేస్ (మైకుని, స్పీకర్లని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), యమహా హెచ్‌ఎస్5 మానిటర్లు (స్టూడియో స్పీకర్లు) రెండు ఉన్నాయి. బాస్ చాలడం లేదని ఈమధ్య హెచ్‌ఎస్8ఎస్ సబ్‌వూఫర్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇంటర్‌ఫేస్‌కి వెనక అవుట్‌పుట్లు రెండే. షాపులో ఇచ్చిన వై కేబుల్‌తో ఎడమ అవుట్‌పుట్‌ని రెండుగా చీల్చి ఒకటి సబ్‌కి, ఒకటి ఎడమ మానిటర్‌కి పెట్టాను. అప్పట్నుంచి సన్నగా హమ్ వస్తోంది. పైగా సబ్ మోగితే పక్కన వంటింట్లో గిన్నెలు అదురుతున్నాయి గానీ, గది మధ్యలో నేను కూర్చునే చోట బాస్ ఏమీ లేదు. సబ్ పాడైందంటారా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: సబ్ నిక్షేపంగా ఉంది. గిన్నెలే సాక్ష్యం చెబుతున్నాయి కదా! ముందు ఆ వై కేబుల్ పీకి పక్కన పెట్టండి. ఒక అవుట్‌పుట్‌ని రెండు చోట్లకి పంచితే ఏమీ కాలిపోదు, ఆ భయం వద్దు. కానీ మీ సబ్ కుడివైపు పాటని అసలు వినడమే లేదు. మానిటర్లకేమో పాట మొత్తం వెళ్తోంది కాబట్టి, సబ్ వాయించే కింది స్వరాల్నే అవీ వాయించాలని అవస్థ పడుతున్నాయి.

రెండే అవుట్‌పుట్లు ఉన్నాయని దిగులు పడకండి, అవే చాలు. రెండూ ముందు సబ్‌కి వెళ్లాలి. మానిటర్లు ఇంటర్‌ఫేస్ నుంచి కాదు, సబ్ వెనకనుంచి బయల్దేరాలి. ఇంటర్‌ఫేస్ నుంచి సబ్ ఇన్‌పుట్లకి రెండు టీఆర్‌ఎస్ కేబుళ్లు. పిన్ను మీద నల్లగీతలు లెక్కపెట్టండి: రెండుంటే టీఆర్‌ఎస్, ఒకటే ఉంటే గిటార్ కేబుల్, అది వద్దు. సబ్ అవుట్‌పుట్లు ఎక్స్‌ఎల్‌ఆర్, అంటే మైకుకి ఉండే మూడు పిన్నుల రకం. అక్కణ్ణుంచి హెచ్‌ఎస్5లకి మీ దగ్గరున్న మామూలు మైకు కేబుళ్లే సరిపోతాయి, కొత్తవి కొనక్కర్లేదు. ఇలా పెడితే ఇంటర్‌ఫేస్ మీది పెద్ద నాబ్ ఒక్కటి తిప్పితే మూడూ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి.

తర్వాత సబ్ వెనకవైపు చూడండి. లో కట్ స్విచ్ చాలామంది ఆఫ్‌లోనే వదిలేస్తారు, దాన్ని ఆన్ చెయ్యండి. లో కట్, హై కట్ నాబులు రెండూ 80 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. అంటే 80 హెర్ట్జ్‌కి కిందిది సబ్‌కి, పైది మానిటర్లకి. హెచ్‌ఎస్5 ఎలాగూ 54 హెర్ట్జ్ దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేస్తుంది, ఆ బరువు దింపేస్తే దానికీ హాయి. ఇక ఫేజ్ స్విచ్, అంటే సబ్ ఊపుని తిరగేసేది; సబ్, మానిటర్లు ఎదురెదురుగా ఊగితే బాస్ చచ్చిపోతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో 80 హెర్ట్జ్ టోన్ పెట్టి, కుర్చీలో మీరు కూర్చుని, ఇంకెవరిచేతనైనా స్విచ్ అటూ ఇటూ వేయించండి. ఎటు గట్టిగా వినిపిస్తే అటే ఉంచండి.

హమ్ సంగతి. లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. హమ్ ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే వేర్వేరు ఎర్త్ దారులు కేబుళ్లతో కలిసి చుట్టులా ఏర్పడటం. కొత్త కేబుళ్లతోనే చాలావరకు పోవచ్చు. పోకపోతే ఇంటర్‌ఫేస్, సబ్, మానిటర్లు, లాప్‌టాప్ అన్నిటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటివ్వండి. ఎర్త్ పిన్ను విరగ్గొడితే హమ్ పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ పని మాత్రం చెయ్యొద్దు, అది మీ ప్రాణం కాపాడే పిన్ను.

అసలు విషయం మీ కుర్చీ. నీళ్లతొట్టిని ఓ చివర పట్టుకుని మెల్లగా ఊపండి. రెండు కొసల్లో నీళ్లు లేస్తాయి, పడతాయి. నడిమధ్యన మాత్రం మట్టం కదలదు. మీ గదిలో బాస్‌ది అదే తంతు. పన్నెండడుగుల పొడవుకి ఆ ఊపు 47 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. బేస్ గిటార్ అడుగు తీగ 41, కిక్ డ్రమ్ము దమ్ము చాలాసార్లు 50, 60 దగ్గర ఉంటుంది. అంటే మీకు కావలసిన చోటే గుంట పడింది. మీరు కదలని నీళ్లలో కూర్చున్నారు, గిన్నెలు కొస గోడ అవతల ఉన్నాయి. కుర్చీని ముందుగోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గరికి జరపండి. సబ్‌కి చోటు వెతకడానికి ఒక మోటు పద్ధతుంది: సబ్‌నే తీసుకెళ్లి మీ కుర్చీలో కూర్చోబెట్టి, బాస్ బాగా తెలిసిన పాట పెట్టి, మీరు గోడల వెంట మోకాళ్ల మీద పాకండి. ఎక్కడ ప్రతి స్వరమూ సమానంగా వినిపిస్తే సబ్ అక్కడికి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

నేను పాకలేదు. కృష్ణానగర్‌లో మొదట అద్దెకు తీసుకున్న గదిలో, అందంగా ఉంటుందని సబ్‌ని మూలకి నెట్టి, వెనకగోడకి ఆనుకుని కూర్చుని మిక్స్ చేశాను. రెండుచోట్లా బాస్ ఉబ్బిపోతుంది. ఎక్కువైందనుకుని పాటలో కోసుకుంటూ పోయాను. పాడినాయన కార్లో విని ఫోన్ చేశాడు: "అన్నా, ఇది డప్పా, తాంబాళమా?" నాలుగు పాటలూ మళ్లీ మిక్స్ చేశాను, పైసా అడగకుండా. అప్పట్నుంచి సబ్ లెవల్ పెట్టాక దాన్ని ఆఫ్ చేసి ఓసారి, ఆన్ చేసి ఓసారి వింటాను. ఆన్‌లో ఉన్నప్పుడు "ఆహా, సబ్ ఉంది" అనిపిస్తే ఎక్కువైనట్టే. ఆఫ్ చేసినప్పుడు ఏదో పోయిందే అనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు.

ప్రశ్న: అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. సబ్ పెడితే కిందివాళ్లు గొడవకొస్తున్నారు. గోడలకి గుడ్ల అట్టలాంటి ఫోమ్ అంటిస్తే ఆగుతుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆగదమ్మా. 60 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 19 అడుగులు, దాన్ని రెండంగుళాల ఫోమ్ ఏం ఆపుతుంది? అది చేతాళాల కీచుని తగ్గిస్తుంది, అంతే. సబ్ కింద మందపాటి రబ్బరు దిమ్మ వేస్తే స్లాబుకి పాకే అదురు కొంత తగ్గుతుంది. రాత్రి తొమ్మిది దాటాక హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.