అక్షరాలు గీయడం ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: గుంటూరులో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. నాన్నగారికి అరండల్‌పేటలో డీటీపీ సెంటర్ ఉంది. ఒక లెక్చరర్ గారి ఇంగ్లిషు ఉచ్చారణ పుస్తకం కంపోజ్ చేస్తుంటే, ఇటాలిక్‌ (వాలు అక్షరాలు)లో పెట్టగానే రెండు వేర్వేరు గుర్తులు ఒకేలా అయిపోయాయి. ప్రూఫు వెనక్కి వచ్చింది. వాటికి వేరే రూపాలు గీసి చూశాను. ఈ పనికి చదువు, ఉద్యోగం ఉన్నాయా? ఇంట్లో ఇంజినీరింగ్ చేయమంటున్నారు.

జవాబు: మీరు పట్టుకున్నది టైపింగ్ తప్పు కాదమ్మా, అక్షర రూపంలోనే ఉన్న చిక్కు. నిలువు అక్షరాల్లో ఇంగ్లిషు చిన్న 'ఎ' (a)కు తల మీద కొక్కెంలాంటి వంపు ఉంటుంది. ఇటాలిక్‌లో అది పోయి గుండ్రటి పొట్ట, పక్కన గీత మిగులుతాయి. ఉచ్చారణ రాసే అంతర్జాతీయ ధ్వని లిపి (ఐపీఏ)లో సరిగ్గా ఆ రూపమే మరో అచ్చుకు గుర్తు. వెనిస్‌లో ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ 1501లో పుస్తకాలకు వాడిన ఇటాలిక్ ఆనాటి చేతిరాత నుంచి పుట్టింది. ధ్వని లిపి 1888లో వచ్చింది. ఆ రెంటికీ పొత్తు కుదర్చడం ఫాంటు గీసేవారి పని. ఉచితంగా దొరికే చారిస్ ఎస్‌ఐఎల్ ఫాంటును చూడండి, ఇటాలిక్‌లోనూ కొక్కెం ఉన్న 'ఎ'ను ఎంచుకునే వీలుంది.

మన థ, ధలదీ ఇదే కథ. అచ్చులో చుక్క ఊడితే థ కాస్తా ధ అవుతుంది. అందుకే మీరు గీసినవాటిని తెరమీద పెద్దగా చేసి మురిసిపోకండి. పదాల్లో పెట్టి, 9 పాయింట్ల సైజులో ప్రింటు తీసి, సంగతి తెలియనివారి చేత చదివించండి. వారు తడబడిన చోట మళ్లీ గీయండి. ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దానితో మొదలుపెట్టవచ్చు.

ఇక చదువు. ఇంటర్‌లో ఏ గ్రూపువారైనా నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ బీడిజైన్‌కు వెళ్లవచ్చు. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లకు డ్యాట్, ఐఐటీ బాంబే వంటి వాటికి యూసీడ్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. దరఖాస్తుల గడువు ఇంటర్ పరీక్షలకు చాలా ముందే ముగుస్తుంది, జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ మీకు దగ్గరే. కమ్యూనికేషన్ డిజైన్ తీసుకుంటే అక్షరాల పనికి చోటుంటుంది. ఆ తర్వాత ఫాంట్ల రూపకల్పనలోనే పీజీ చేయాలంటే ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయం, నెదర్లాండ్స్‌లో హేగ్‌లోని రాయల్ అకాడమీ ఉన్నాయి.

ఉద్యోగాల సంగతి దాచను. అహ్మదాబాద్‌లో ఇండియన్ టైప్ ఫౌండ్రీ, ముంబయిలో ఏక్ టైప్ లాంటి సంస్థలు ఉన్నా, కొలువులు తక్కువ. చాలామంది సొంతంగా పనులు ఒప్పుకుని చేస్తారు. అమ్మానాన్నల భయం అర్థం లేనిది కాదు. ఇంజినీరింగ్‌లో చేరినా ఈ దారి మూసుకుపోదు. ఒత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోవాలంటే ఫాంటులో ప్రోగ్రామింగ్ కావాలి. బీటెక్ తర్వాత సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి డిజైన్‌లో పీజీ అయిన ఎండిజైన్‌కూ రావచ్చు. అయినా నన్నడిగితే ముందు డ్యాట్, యూసీడ్ రెండూ రాయండి.

ఆ పుస్తకం ఇంకా అచ్చుకు వెళ్లకపోతే, ఉచ్చారణ గుర్తులను నిలువు అక్షరాల్లోనే ఉంచమని నాన్నగారికి ఇవాళే చెప్పండి.