అమ్మ ఇచ్చిన కిడ్నీయే కదా, మాత్రలు ఆపకూడదా?

అన్నయ్యకు మీ అమ్మగారు కిడ్నీ ఇచ్చి రెండేళ్లయిందనీ, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.1 దగ్గరే ఉందనీ, కన్నతల్లి కిడ్నీయే కనుక, ఒళ్లు దాన్ని తిప్పికొట్టకుండా వేసుకునే మాత్రలు ఆపవచ్చా అనీ అడిగారు. ఆపవద్దు. నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) చెప్పకుండా సగం మాత్ర కూడా తగ్గించవద్దు. నాకు మా అక్క కిడ్నీ ఇచ్చింది. ఇదే ప్రశ్న మా ఇంట్లో పండగకొకసారి వస్తూనే ఉంటుంది.

శరీరం చుట్టరికం చూడదు. కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ గుర్తులను చూస్తుంది. అవి సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి కాబట్టి, అమ్మ కిడ్నీ మీద ఉన్న గుర్తుల్లో సగం దాకా అన్నయ్య ఒంటికి కొత్తవే కావచ్చు. తోబుట్టువులకు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. అక్కకూ నాకూ అలాగే కలిశాయి. ఆ రిపోర్టు చూసి మా బంధువులు ఇక మందులతో పనేమిటన్నారు. కానీ హెచ్‌ఎల్‌ఏ కలిసినా చిన్నాచితకా తేడాలు మిగిలే ఉంటాయి. అందుకే ఆ మాత్రల్లో ఒకటైన టాక్రోలిమస్ నేనింకా వేసుకుంటూనే ఉన్నాను. అచ్చంగా ఒకేలా ఉండే కవలల సంగతి వేరు. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం విజయవంతంగా చేసిన తొలి కిడ్నీ మార్పిడి అలాంటి అన్నదమ్ముల మధ్యే జరిగింది. అప్పటికి ఈ మందులు లేనే లేవు.

క్రియాటినిన్ బాగుండటం మందు పుణ్యమే. రిజెక్షన్, అంటే ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టడం, మొదలైనా చాలామందికి నొప్పి ఉండదు, జ్వరం రాదు. క్రియాటినిన్ పెరిగి మనకు తెలిసేసరికే కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది.

టాక్రోలిమస్ రోజుకు రెండుసార్లు వేసుకునే రకమైతే 12 గంటల ఎడం పాటించాలి. రక్తంలో ఈ మందు ఎంతుందో చూసే లెవల్ పరీక్ష రోజున ముందు రక్తం ఇచ్చి, ఆ తరువాతే ఉదయం మాత్ర వేసుకోవాలి. ఈ మాట ల్యాబులో ఎవరూ అడగకపోవచ్చు, మీరే గుర్తుంచుకోవాలి. పంపర పనస తినకూడదు, లెవల్ పెరుగుతుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకోనజోల్ కూడా పెంచుతాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ బాగా పడగొడుతుంది. ఒళ్లునొప్పులకు ఐబుప్రొఫెన్ కొనుక్కోవద్దు. పంటి డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందు మార్పిడి సంగతే చెప్పాలి.

చేతులు వణకడమో, షుగరు రావడమో, నెలనెలా ఖర్చో అసలు కారణమైతే, అదే నెఫ్రాలజిస్టుకు దాచకుండా చెప్పండి. మోతాదు సర్దడానికీ, మందు మార్చడానికీ దారులున్నాయి. ఖర్చు తగ్గుతుందని వేరే కంపెనీ మాత్రకు మారాలన్నా ఆయనను అడిగే మారండి, తరువాత లెవల్ మళ్లీ చూపించండి.