డాబా మీద పాకుడుకి యాసిడ్ పోయొచ్చా?

పోయకండి. యాసిడ్ పోయమని మీ మేస్త్రీ చెప్పాడన్నారు కదా, మా మేస్త్రీ కూడా అలాగే చెప్తే ఐదేళ్ల కిందట కాకినాడలో మా డాబా మీద నేను పోశాను. బుసబుసా నురగొచ్చి నలుపంతా పోయింది, అబ్బ భలే వచ్చిందే అనుకున్నాను. ఆరాక చెయ్యి పెట్టి రుద్దితే వేళ్లకి ఇసుక అంటింది. పాకుడుతో పాటు పైనున్న సిమెంటునీ తినేసింది, ఆ గరుకులో నీళ్లు ఇంకి మరుసటి వర్షాలకి ఇంకా దట్టంగా పట్టింది.

ఇప్పుడు నేను వాడేది బ్లీచింగ్ పౌడర్. పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్టుకి అర కిలో కలిపి గంటసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేట మాత్రమే వాడాలి, మడ్డి పోస్తే తెల్ల చారలు పడతాయి. ఎండ ఎక్కకముందే పోసి, అరగంట ఆరిపోకుండా చూసుకుని, గట్టి బ్రష్షుతో రుద్ది కడిగేయండి. మిగిలిన యాసిడ్ కూడా ఇందులో కలిపేద్దాం అనుకోవద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రాణం మీదకొస్తుంది. కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టుకోండి, అంచు దగ్గర మరీ జాగ్రత్త, తడి పాకుడు మీద కాలు నిలవదు. తూము నీళ్లు ఎక్కడ పడతాయో కూడా చూసుకోండి, మా కరివేపాకు చెట్టు అలాగే పోయింది.

కడగడం ఒక్కరోజు పని, నీళ్లు నిలిచే చోటు పట్టుకోవడమే అసలు పని. నాలుగు బకెట్లు కుమ్మరించి గంట తర్వాత వెళ్లి చూడండి. మాకు తూములో పక్కింటి మామిడాకులు ఇరుక్కున్నాయి, ట్యాంకు పొర్లిన నీళ్లేమో పిట్టగోడ మూలకి చేరి మధ్యాహ్నానికి కూడా ఆరేవి కావు. ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే బాల్ వాల్వ్ వేయించి, ఆ మూల వాటం సరిచేయించాక రెండేళ్లుగా అక్కడ చెయ్యి పెట్టే పని లేదు. నీడ పడే ఉత్తరం వైపు మాత్రం ఏడాదికోసారి కడుగుతూనే ఉన్నాను, దానికి మందు లేదు.

(అట్లాంటాలో మా బావ వాళ్ల ఇంటి వాలు కప్పు మీదా ఇవే నల్ల చారలు. అక్కడ కప్పు శిఖరాన జింకు పట్టీ కొడతారు, వాన నీళ్లతో జింకు కొద్దికొద్దిగా కిందకి దిగి పాకుడు పట్టకుండా ఆపుతుంది. మన చదును డాబాకి అది కుదరదు.)

వైట్ పెయింట్ వేద్దామంటారా, నాలుగైదు రోజులు బాగా ఎండనిచ్చాకే, లేకపోతే బుడగలొచ్చి పెచ్చులూడుతుంది. ఇల్లు కట్టి మూడేళ్లే అయింది, స్లాబు పాడైందా అని అడిగారు కదా, పాకుడు ఒక్కదానికే స్లాబుకి ఏమీ కాదు. లోపల సీలింగు మీద చెమ్మ మరకలుంటే మాత్రం ముందు వాటర్ ప్రూఫింగ్ వాళ్లని పిలిచి చూపించండి.