అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అంత బాగా పనిచేసే జోన్ డిఫెన్స్ (ఒక్కో ఆటగాడిని కాకుండా కోర్టులో ఒక్కో భాగాన్ని కాచే పద్ధతి) అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఎందుకు తక్కువ?

ఎన్‌బీఏ 2001-02 సీజన్ నుంచి జోన్‌ను అనుమతిస్తోంది. కానీ అదే ఏడాది డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ నిబంధన కూడా తెచ్చింది: చేయి చాపితే అందేంత దగ్గర్లో ప్రత్యర్థి లేకుండా డిఫెండర్ పెయింట్‌లో (బుట్ట ముందు రంగు వేసిన చోట) 3 సెకన్లకు మించి నిలబడకూడదు. తప్పితే ప్రత్యర్థికి ఒక ఫ్రీ త్రో, బంతి కూడా వాళ్లదే. కాలేజీలో ఈ అడ్డు లేదు. అందుకే 2-3 జోన్‌లో (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు) పొడుగాటి సెంటర్ రిమ్ (బుట్ట) కిందే పాతుకుపోవచ్చు. సిరక్యూజ్ యూనివర్సిటీ 2003లో ఈ జోన్‌తోనే కాలేజీ టైటిల్ గెలిచింది, ఫైనల్లో కాన్సస్‌పై 81-78.

2-3కి అసలు బలహీనత ఫ్రీ త్రో గీత దగ్గరి ఖాళీ. అక్కడ మంచి పాసర్‌కు బంతి అందితే సెంటర్ ముందుకు రాక తప్పదు, వెనక రిమ్ ఖాళీ అవుతుంది. వింగ్ (పక్క వైపు) డిఫెండర్ దాన్ని కాయడానికి లోపలికి జరిగితే కార్నర్‌లో షూటర్ ఒంటరిగా దొరుకుతాడు. ఎన్‌బీఏలో మిగతాచోట్ల త్రీ గీత (దీని అవతలి నుంచి వేస్తే మూడు పాయింట్లు) 23 అడుగుల 9 అంగుళాలైతే కార్నర్‌లో 22 అడుగులే. అక్కడి షూటర్లు ఆ షాట్ వదలరు. రీబౌండ్లలోనూ (గురి తప్పిన బంతిని అందుకోవడంలోనూ) నష్టమే, ఎవరు ఎవరిని బాక్స్ అవుట్ చేయాలో (ఒంటితో అడ్డుకోవాలో) ముందే తేలదు.

కాలేజీల మార్చి టోర్నీలో ఓడితే ఇంటికే, పైగా సిద్ధమవడానికి కొన్నిసార్లు ఒక్క రోజే. ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లోని ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో మాత్రం రెండో మ్యాచ్‌కే జోన్ గుట్టు తెలిసిపోతుంది. అయినా టైమవుట్ తర్వాత రెండు మూడు పొసెషన్లకు (ప్రత్యర్థి చేతికి బంతి వచ్చిన దఫాలకు) దీన్ని ఎన్‌బీఏ కోచ్‌లు ఇంకా ఎక్కువగా వాడాలి. మయామి హీట్ జట్టు ఆ పని చక్కగా చేసి చూపించింది.